కూర్చోబెట్టి చూసిన బీపీ

కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ కాన్పుల కథలు చెప్పమంటారు. ట్రాక్టరు ట్రాలీలో పుట్టిన కవలల కథ, బిడ్డ అడ్డం తిరిగితే కళ్యాణదుర్గం దాకా జీపులో తల్లి చెయ్యి వదలకుండా పోయిన కథ. అవి ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తు లేదు. చెప్పిన ప్రతిసారీ అందులో నేను ఇంకొంచెం ధైర్యవంతురాలిని అవుతూ వచ్చాను. రిటైరైన మనిషికి ఆ మాత్రం ఆశ ఉంటుంది. ఈ కథ మాత్రం వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. ఇందులో కాన్పు లేదు, జీపు లేదు. ఒక మనిషి కూర్చున్న చోటి నుంచి లేచింది, అంతే.

మాది గుత్తి. ఉద్యోగంలో చివరి ఇరవై ఏళ్ళూ కంబదూరు వైపు ఒక పల్లెలో గడిచాయి. అక్కడి ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్‌ఎంని. రెండు గదులు, ముందు వరండా, వెనకాల ఒక మరుగుదొడ్డి. ఆ మరుగుదొడ్డికి తలుపు ఉండేది, నీళ్ళు ఉండేవి కావు. వాన పడితే వేరుశెనగ, పడకపోతే బెంగుళూరు బస్సు, ఆ చుట్టుపక్కల ఐదు పల్లెల బతుకు అదే. వాన లేని ఏడాది ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, బాలింతలు, నేను, మా ఆయమ్మ.

ఆయమ్మ అంటే మా సెంటరు ఊడ్చే మనిషి. ఆమెకూ ఒక పేరుంది. హాజరు పుస్తకంలో తప్ప దాన్ని ఎవరమూ వాడలేదు. పేరుకే ఊడ్చే పని. టీకాల డబ్బా మోసేది ఆమే, ఏ ఇంట్లో ఏ కోడలు నెల తప్పిందో అత్తకంటే ముందు తెలుసుకుని వచ్చి నా చెవిలో వేసేదీ ఆమే. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. మొగుడు ఎప్పుడో బెంగుళూరు పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆదివారం ప్రార్థనకు పోయినప్పుడు అతని కోసం కూడా ప్రార్థన చేస్తానని చెప్పేది.

"ఏమని అడుగుతావు? వానికి బుద్ధి రావాలనా?" అని ఒకసారి ఏడిపించాను.

"వానికి బుద్ధొస్తే ఈడికే వస్తాడు సిస్టరమ్మా. నాకెందుకా తలనొప్పి. ఆడే సల్లగుండనీ ప్రభువా అని అడుగుతాండా" అంది.

ఒక్కతే కూతురు. శింగనమలలో ఇచ్చారు. ఆ పిల్ల రెండు కాన్పులకూ పుట్టింటికే వచ్చింది. రెండో బిడ్డ కాళ్ళు ముందు పెట్టుకుని వచ్చాడు. అంబులెన్సు వచ్చేలోపే అంతా అయిపోయింది. బిడ్డ ఏడ్చేదాకా నేను ఎలా నిలబడ్డానో నాకు తెలియదు. తల్లీ బిడ్డా బతికారు. ఆయమ్మ ఆ రోజు నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. అప్పటి నుంచి నేను పగటిపూట చుక్కలున్నాయని చెప్పినా, ఆమె తలెత్తి వెతికేది. నాకు అది బాగుండేది. ఎవరికి బాగుండదు?

ఆమెకు బీపీ ఉందని కనిపెట్టింది కూడా నేనే. అప్పట్లో నిజంగానే ఎక్కువగా ఉండేది. పెద్ద డాక్టరుగారు రెండు రకాల మాత్రలు రాశారు. ఒకటి మామూలు బీపీ మాత్ర, రెండోది మేము నీళ్ళ మాత్ర అనేది, ఒంట్లో ఉన్న ఉప్పూ నీళ్ళూ ఒంటేలు రూపంలో బయటికి పంపేస్తుంది. రెండేళ్ళు అంతా సవ్యంగానే సాగింది. తర్వాత ఆమె చిక్కిపోయింది. పళ్ళు ఊడి తిండి తగ్గింది. మనిషి సగమైంది, మాత్రలు మాత్రం మొదట రాసినవే. అది నేను గమనించలేదు. రోజూ కళ్ళ ముందు తిరిగే మనిషి ఎంత తగ్గిందో మనకు కనబడదు.

బీపీ చూడడంలో మండలం మొత్తంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకో నమ్మకం. వచ్చిన వాళ్ళను కుర్చీలో ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టేదాన్ని. కాళ్ళు నేల మీద, వీపు కుర్చీకి, చెయ్యి బల్ల మీద. చీర కొంగు మీద నుంచి పట్టీ కట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. శిక్షణలో ఎలా చెప్పారో అలాగే చూసేదాన్ని, ఒక్క మెట్టు తప్పేదాన్ని కాదు. అందుకే ఎవరైనా నాకు ఇంకోలా చెబితే వినే చెవి నాకు లేకుండా పోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా వైపు కళ్ళు తిరగడానికి ఉన్న పేరే బీపీ. ఆకలితో తిరిగినా బీపీయే, ఎండకు తిరిగినా బీపీయే. "నిన్న చేన్లో బీపీ వచ్చి పడిపోయినా" అంటారు. కలుపు తీసే ఆడవాళ్ళలో ఒకామెకు తల తిరిగితే పక్కనామె కొంగుముడి విప్పి తన మాత్ర ఇచ్చేది, పుణ్యానికి. ఈ లెక్క తప్పని నాకు తెలియదా? తెలుసు. రక్తపోటు పడిపోయినా కళ్ళు తిరుగుతాయని చదువుకున్నదాన్నే. కానీ ఆ తప్పు నాకు అక్కరకొచ్చేది. మాత్రలు మధ్యలో మానేసేవాళ్ళను దారిలో పెట్టడానికి అంతకంటే మంచి బెదిరింపు లేదు. "కండ్లు తిరుగుతాండాయా? అయితే మాత్ర మానేసినావన్నమాట. ఇట్లే ఉంటే ఒకరోజు కాలూచెయ్యీ పడిపోతాయి" అనేదాన్ని. భయపడి వేసుకునేవాళ్ళు. నా పేర్లన్నీ పచ్చగా ఉండేవి.

పచ్చగా అంటే, మాకు ఇచ్చిన ట్యాబులో. మాత్రలు క్రమంగా తీసుకునేవాళ్ళ పేరు పచ్చగా, మానేసినవాళ్ళ పేరు ఎర్రగా కనబడేది. నెలవారీ మీటింగులో ఎర్ర పేర్లు ఎక్కువున్న వాళ్ళను లేపి అందరి ముందు అడిగేవాళ్ళు. ఒకసారి నన్నూ లేపారు. తల నెరిసిన మనిషి అలా అడిగించుకోవడం ఎలా ఉంటుందో ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన మీలో చాలామందికి ఇంకా తెలియకపోవచ్చు. తెలిసే రోజు వస్తుంది.

మా ఆయమ్మ గోడ పట్టుకోవడం ఆ ఏడు శివరాత్రి దాటాక మొదలైంది. నేల తుడిచి లేచేటప్పుడు గోడకు చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే నిలబడేది.

"ఏమాయమ్మా, గోడ పడిపోతుందని పట్టుకుంటివా?" అన్నాను ఒకరోజు.

"లేస్తే కండ్లు తిరుగుతాండాయి సిస్టరమ్మా. రవ్వంతసేపు అంతా చీకటైతాంది. మళ్ళ సరిపోతాంది."

"మాత్ర వేసుకున్నావా?"

"తెల్లారే వేసుకుంటి."

"రా, కూసో, చూస్తా."

కూర్చోబెట్టాను. ఐదు నిమిషాలు ఆగి చూశాను. చక్కగా ఉంది. "బీపీ బాగుండాది. నీకు తిండి చాల్లేదు. సంగటి ఇంకో ముద్ద తిను" అని పంపేశాను. నాలుగైదు సార్లు ఇలాగే జరిగింది. ఆమె చెప్పేది లేచినప్పటి సంగతి, నేను చూసేది కూర్చున్నప్పటి సంగతి. నేను ఎంత పద్ధతిగా కూర్చోబెడితే ఆమె జబ్బు అంత బాగా దాక్కునేది. ఇప్పుడు రాస్తుంటే ఇంత తేలికగా కనబడుతున్నది అప్పుడు నాకు తట్టలేదు.

ఆ వేసవి ముందే మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కొత్త డాక్టరు వచ్చింది. కోస్తా పిల్ల. చదువు ముగించి నేరుగా మా ఎండలోకి దిగింది. నా కూతురి వయసు. ఆమె మాట్లాడితే సగం మాటలు చెవిలో పడేలోపే తర్వాతి మాటలు వచ్చేవి. మా వాళ్ళు చిన్న డాక్టరమ్మ అనేవాళ్ళు.

ఆమె మా సెంటరుకు వచ్చిన రోజు మాత్రలిచ్చే రోజు. వరండాలో పదిహేను మంది దాకా ఆడవాళ్ళున్నారు. ఆయమ్మ కింద పడిన దూది ఏరి లేచింది, మామూలుగానే గోడ పట్టుకుంది. నేను అలవాటుపడిపోయి చూడనే లేదు. డాక్టరమ్మ చూసింది.

"ఆవిడెవరు సిస్టర్? ఎందుకలా గోడ పట్టుకున్నారు?"

"మా ఆయమ్మ డాక్టర్. బీపీ ఉంది. మాత్రలు వాడుతోంది. కొంచెం నీరసం, అంతే."

డాక్టరమ్మ ఆమెను బెంచీ మీద పడుకోబెట్టి ఒకసారి బీపీ చూసింది. తర్వాత నిలబెట్టి, ఫోనులో సమయం చూసుకుంటూ ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి చూసింది. వరండాలో అందరూ మాటలాపి చూస్తున్నారు. మూడోసారి గాలి వదులుతూ పెదవి కొరికింది. నిలబడేసరికి ఆయమ్మ బీపీలో పై అంకె ముప్పై పాయింట్ల దాకా తగ్గిపోయింది.

"ఈవిణ్ణి ఎప్పుడైనా నించోబెట్టి చూశారా సిస్టర్?"

"లేదు డాక్టర్. కూర్చోబెట్టే చూడమని కదా చెప్పింది."

"అది నిజమే. కానీ లేస్తే కళ్ళు తిరుగుతున్నాయని చెప్పే వాళ్ళని నించోబెట్టి కూడా చూడాలి కదా."

ఆ పిల్ల మెత్తగానే అంది. నేను అప్పుడు కూడా ఆ సంగతి గమనించాను, కానీ గమనించనట్టు ఉన్నాను. ఎందుకంటే వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. "సూడే, సిస్టరమ్మకే పాఠం చెప్తాంది" అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఆ వరండాలో నన్ను చూసి నవ్విన మనిషి లేదు. నాకు చెవులు వేడెక్కాయి.

డాక్టరమ్మ ఆయమ్మకు బాగా నీళ్ళు తాగమని చెప్పి పంపింది. ఆయమ్మ మేము తాగిన టీ గ్లాసులు తీసుకుని కడగడానికి వెనక్కి పోయింది. అప్పుడు డాక్టరమ్మ నాతో అంది.

"ఆ నీళ్ళ మాత్ర ఇవాళ్టి నుంచే ఆపేయండి సిస్టర్. రెండోది సగానికి తగ్గించండి. వారం తర్వాత నించోబెట్టి మళ్ళీ చూసి నాకు ఫోన్ చేయండి. ఈ ఎండల్లో పడిపోతే కష్టం. ఆవిడకి మీరే చెప్పండి. నేను చెబితే భయపడతారు. మీ మాటంటే ఆవిడకి గురి."

అన్నిటికీ "సరే డాక్టర్" అన్నాను. ఆమె బండెక్కి పోయింది.

నేను ఆయమ్మకు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే ట్యాబు సాకు చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. మాత్ర డాక్టరే ఆపిందని రాయడానికి అందులో నాకు చోటు కనబడలేదు, మానేసినవాళ్ళ గడి ఒక్కటే కనబడింది. అది నొక్కితే సొంత సెంటరు ఆయమ్మ పేరే ఎర్రగా వస్తుంది. మీటింగులో మళ్ళీ లేచి నిలబడాలి. ఇది అబద్ధం కాదు. కానీ ఒక్క ఫోను చేసి అడిగితే డాక్టరమ్మ ఎలా రాయాలో చెప్పేది. నేను చెయ్యలేదు. అసలు సంగతి ట్యాబు కాదు, పౌరుషం. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా ఊళ్ళో, నా వరండాలో, నా వాళ్ళ ముందు నా చేతి బీపీ తప్పంది. ఆ మర్నాడే నేను ఆయమ్మ మాత్రలు ఆపితే అవునని ఒప్పుకున్నట్టే కదా. వారం తర్వాత నేనే నిలబెట్టి చూస్తాను, అప్పుడు నిర్ణయిద్దాం అనుకున్నాను. నిలబెట్టి చూడడానికి మూడు నిమిషాలు చాలు. ఆ మూడు నిమిషాలు ఇరవై రోజుల పాటు నాకు దొరకలేదు.

మధ్యలో రెండుసార్లు ఆయమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి ఊరికే నిలబడింది.

"ఏమి?" అన్నాను.

"ఏమీ లేదులే సిస్టరమ్మా" అని పోయింది. ఏదో సెలవు అడగబోయి మానుకుందనుకున్నాను.

ఇక ఆ రోజు. వైశాఖం ఎండలు. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకునే పని పడింది. పొద్దున ఏడింటికే దూరంగా ఉన్న ఒక పల్లెకు నడిచి వెళ్ళాం, నేనూ ఆయమ్మా. ఫీల్డుకు పోయే రోజు మా ఇద్దరికీ ఒక అలవాటు, బయలుదేరేముందు నీళ్ళు తాగము. దారిలోనూ తాగము. ఆ పల్లెల్లో ఆడమనిషి ఒంటేలుకు పోవాలంటే చాటుకు ఒక కంప చెట్టు కూడా సరిగ్గా ఉండదు. ఈ ఉద్యోగంలో ఉన్న ఆడవాళ్ళందరం ఇలాగే బతికాం. మీరూ ఇలాగే బతుకుతున్నారని నాకు తెలుసు, మీ ముఖాలు చూస్తేనే తెలుస్తుంది.

పది దాటేసరికి బండలు కాలుతున్నాయి. ఒక ఇంటి ముందు వేపచెట్టు నీడలో కూర్చున్నాం. ఆ ఇంటామె చెంబు నిండా మజ్జిగ తెచ్చింది. నేను రెండు గుక్కలు తాగాను. ఆయమ్మ వద్దంది.

"వద్దు తల్లీ. తాగితే యాడికి పోయేది? ఇంగా ఊరంతా తిరగల్ల" అని నవ్వింది.

ఆ ఇంటామె లోపలికి పోయాక ఆయమ్మ మెల్లగా అంది, "సిస్టరమ్మా, ఈ పొద్దు శానా తిరుగుతాండాది. నడుస్తాంటే కూడా కాళ్ళు యాడ పెడతాండానో తెలీడం ల్యా."

"పొద్దున మాత్ర వేసుకున్నావా?"

ఆమె నా వైపు చూసింది. "వేసుకున్నట్లే ఉండాది. సరిగ్గా గ్యాపకం రాలేదు."

డాక్టరమ్మ మాట అప్పుడు నాకు గుర్తు రాలేదని రాస్తే ఎవరూ కాదనరు. కానీ గుర్తొచ్చింది. బాగా గుర్తొచ్చింది. ఇప్పుడు మాత్ర వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి, ఇరవై రోజులు ఎందుకు చెప్పలేదో చెప్పాలి. అంతకంటే అలవాటైన మాట తేలిక. "వేసుకోలేదేమో, అందుకే తిరుగుతాంది" అన్నాను. బ్యాగు తెరిచి రెండు మాత్రలూ తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె వాటిని కాసేపు చూసి, నా సీసాలో నీళ్ళు ఒక్క గుక్కెడు పోసుకుని మింగింది.

గంటన్నర తర్వాత వరుసలో చివరి ఇళ్ళ దగ్గర ఉన్నాం. నేను లోపల పేర్లు రాసుకుంటుంటే ఆయమ్మ పక్కింటి మెట్టు మీద కూర్చుంది. చూసిన ఇంటి తలుపు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టడం ఆమె పని. బయటికి వస్తూ కేకేశాను. "లెయ్యి ఆయమ్మా, ఇంగా నాలుగిండ్లు ఉండాయి, ఎండెక్కుతాంది. దీనికి గుర్తు పెట్టు."

కోపంగా ఏమీ అనలేదు. రోజూ అనే మాటే. ఆమె ఎప్పుడూ నా కేకకు ఆలస్యం చెయ్యదు, చటుక్కున లేచింది. గోడ కోసం చెయ్యి చాపింది. అక్కడ గోడ లేదు.

మెట్టు మీద నుంచి పక్కకు, బండల మీద పడింది. అరవలేదు. నేను పరిగెత్తి కూర్చునేసరికి కళ్ళు తెరిచే ఉంది. చెయ్యి పట్టుకుంటే నాడి అందీ అందకుండా ఉంది. తర్వాత కాళ్ళ వైపు చూశాను. కుడి పాదం పూర్తిగా పక్కకు వాలి ఉంది, ఆ కాలు రెండోదాని కంటే పొట్టిగా కనబడుతోంది. అది చూస్తే నర్సుకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. తుంటి ఎముక.

"డబ్బా పగిలిందా సిస్టరమ్మా?" అని అడిగింది. ఆ రోజు టీకాల డబ్బా తేనేలేదు.

అంబులెన్సులో కళ్యాణదుర్గం, అక్కడి నుంచి అనంతపురం. ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. వాళ్ళు చెయ్యగలిగింది చేశారు, నేనెవరినీ ఒక్క మాట అనలేను. కానీ అప్పటికే ఆమెలో ఏమీ మిగల్లేదు. మళ్ళీ నిలబడలేదు. ఇంటికి తెచ్చాక మంచంలోనే. కూతురు శింగనమల నుంచి పిల్లలతో వచ్చి ఉండిపోయింది. నేను రోజూ ఉదయం పోయి వీపు మీద పుండ్లకు కట్టు కట్టేదాన్ని. ఊరంతా నన్ను మెచ్చుకున్నారు. సొంత చెల్లెలు కూడా ఇంత చెయ్యదన్నారు. ఆ మెప్పు ఎలా దిగమింగానో నాకే తెలుసు.

చిన్న డాక్టరమ్మ రెండుసార్లు వచ్చి చూసింది. మొదటిసారి బయటికి వస్తూ అడిగింది.

"ఆ నీళ్ళ మాత్ర అప్పుడే ఆపేశారు కదా సిస్టర్?"

"ఆపేశాను డాక్టర్" అన్నాను.

ఆమె నమ్మింది. "అయినా పడ్డారంటే ఎండ దెబ్బే అయ్యుంటుంది" అని నిట్టూర్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసున్న నర్సు అబద్ధం చెబుతుందని ఆ పిల్ల ఎందుకనుకుంటుంది? ఆయమ్మ పోయాక, నేను రిటైరయ్యే ముందు ఆమె దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. సస్పెండు చేయిస్తుందనుకున్నాను. అలా చేసినా బాగుండేది. ఆమె అదేమీ చెయ్యలేదు. తర్వాత, ఆ చుట్టుపక్కల సెంటర్లన్నిటిలో కళ్ళు తిరుగుతున్నాయని చెప్పే ప్రతి ఒక్కరినీ నిలబెట్టి చూడాలని, మాత్ర ఆపితే తనకు ఫోను చేస్తే చాలని, ఎర్ర పేర్లకు తాను జవాబు చెప్పుకుంటానని అందరికీ చెప్పింది. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. మీరు ఇప్పుడు రోజూ చేస్తున్న ఆ పని ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. నిలబెట్టి చూడండి. మూడు నిమిషాలు. దొరకవని నాకు చెప్పకండి.

ఆయమ్మ శ్రావణంలో పోయింది. అంతకు వారం ముందు ఒక ఉదయం కూతురు ట్యాంకరు దగ్గర నీళ్ళకు పోయింది. ఇంట్లో మేమిద్దరమే. కట్టు కట్టి, ఆమెను మళ్ళీ వెల్లకిలా తిప్పి పడుకోబెట్టాను. ఎముకల గూడులా తేలిగ్గా ఉంది. ఇక ఆపుకోలేకపోయాను.

"ఆయమ్మా, నీకొక మాట చెప్పల్ల."

"చెప్పు సిస్టరమ్మా."

"ఆ పొద్దు డాక్టరమ్మ వచ్చింది కదా, నీ నీళ్ళ మాత్ర ఆపమని చెప్పింది. నేను నీకు చెప్పలేదు. ఎండలో మళ్ళ రెండు నా చేత్తోనే ఇస్తి. నువ్వు పడింది నా వల్లే."

ఏడుస్తున్నాను. ఆమె తిడుతుందనో, క్షమిస్తుందనో, రెండిట్లో ఏదో ఒకటి వస్తుందని ఎదురు చూశాను. ఆమె పైకప్పు రేకుల వైపు చూస్తోంది.

"నాకి తెలుసు సిస్టరమ్మా" అంది.

"ఏం తెలుసు?"

"డాక్టరమ్మ ఆపమనింది. గ్లాసులు కడుగుతాంటి కదా, కిటికీ తెరిసే ఉండె. అంతా వింటి."

"తెలిసీ ఎందుకు వేసుకుంటివే? మానేసుంటే ఇట్లయ్యేదా?"

"నువ్వు చెప్తావేమోనని చూస్తి. రెండుసార్లు నీ తావకి వచ్చి నిలబడితి కూడా. నువ్వేమీ చెప్పలేదు. సిస్టరమ్మ చెప్పలేదంటే డాక్టరమ్మ చెప్పిందే తప్పేమోలే అనుకుంటి. ఆ పిల్ల నిన్న వచ్చింది. నువ్వు నా బిడ్డను బతికించినదానివి."

ఊపిరి అందక ఆగింది. ఆమె గుండెల మీద నా చెయ్యి వేసి ఉంచాను. కాసేపటికి మళ్ళీ తనే అంది, కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు, నిన్న సంతలో జరిగింది చెప్పినట్టు చెప్పింది.

"పడిన పొద్దు చెట్టు కింద నువ్వు బ్యాగు తెరిస్తివి కదా, ఇప్పుడు చెప్తుందిలే అనుకుంటి. నువ్వు మాత్ర ఇస్తివి. నువ్విస్తే వేసుకుంటి."